మూడు గింజల మాట

సకల జనుల సమ్మె మొదలైన రోజు అరుంధతి బడికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని, ఊరి చౌరస్తాలో వేసిన శిబిరానికి వచ్చి కూర్చుంది. ఆమె ప్రాథమిక పాఠశాల టీచరు. సొంతూరు జనగామ. ఉద్యోగం నర్సింహులపేట మండలంలోని ఈ ఊళ్లో. బడి వెనక వీధిలో గది అద్దెకు తీసుకుని ఉండేది. తెలంగాణ ప్రకటించేదాకా బడి తెరవవద్దని ఉద్యోగుల సంఘం తీర్మానం చేసినప్పుడు ఆమె కూడా చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దించేటప్పుడు తాను చెప్పే రెండో తరగతి పిల్లలు గుర్తొచ్చారు.

ఆ ఎండాకాలం హన్మకొండలో జరిగిన శిక్షణలో ఆమె ఒక పద్ధతి నేర్చుకుంది. ఇంగ్లిష్ అక్షరం చూపించే ముందు, ఇంగ్లిష్ మాటలోని చప్పుళ్లను పిల్లల చెవికి పట్టించడం ఆ పద్ధతి. తన తరగతి పిల్లలకు ఏబీసీడీ పాటగా వచ్చు. 'పెన్' అనే మాటలో మొదటి చప్పుడు ఏది అని అడిగితే మొహాలు చూసుకునేవారు. జూన్‌లో ఆమె బడికి ఒక డబ్బా మక్క గింజలు తెచ్చింది. తాను మాట చెప్తుంది. అందులో ఎన్ని చప్పుళ్లు వినిపిస్తే పిల్లలు అన్ని గింజలు ముందుకు జరపాలి. పుస్తకం లేదు. పలక లేదు.

మొదటి మాట 'బస్'. ఊరి పిల్లలు నాలుగు గింజలు జరిపారు. తండా నుంచి వచ్చే సౌందర్య మూడు జరిపింది.

"నాలుగోది మర్చినవ్ బిడ్డా," అని అరుంధతి ఆమె ముందు ఇంకో గింజ పెట్టింది. సౌందర్య దాన్ని వేలితో వెనక్కి నెట్టింది.

"ఏదీ, చెప్పు."

సౌందర్య ఒక్కో గింజ మీద వేలు పెట్టి "బ్... అ... స్" అంది. అక్కడ ఆగింది.

పక్కనున్న సాహితి నవ్వింది. "బస్సూ, బస్సూ! దీనికి తెలుగే రాదు టీచర్. ఇంగ్లిష్ ఎట్లొస్తది?"

అరుంధతి ఆ మాట తనలో తాను అనుకుని చూసింది. చివర 'ఉ' లేకుండా తన నోరు మూతపడటం లేదు. తెలుగు మాట చివర అచ్చు లేకుండా ఆగడం తక్కువ. అందుకే బస్ బస్సయింది, పెన్ పెన్నయింది. సౌందర్య ఇంట్లో మాట్లాడేది లంబాడీ. ఆ భాషలో ముక్కు నాక్, చెవి కాన్, ఇల్లు ఘర్. నాలుక హల్లు మీద ఆగుతుంది.

"మూడే," అంది అరుంధతి. "తప్పు నాది. నాలుగోది మనం ఇంటికాడి నుంచి తెచ్చుకున్నది."

ఒకటో తరగతి మొత్తం నోరు తెరవని పిల్ల సౌందర్య. ఆ రోజు నుంచి గింజలాటలో మాట్లాడింది. నాలుగో గింజ వదలడానికి ఊరి పిల్లలకు వారాలు పట్టింది. సమ్మె వచ్చేనాటికి సగం మంది వదిలారు. సాహితి వదల్లేదు.

శిబిరం మొదలైన వారానికి సౌందర్య తల్లి విజయ వచ్చింది. చంకలో ఏడాది కొడుకు. టెంటు అంచున నిలబడి అడిగింది.

"టీచరమ్మా, బడెప్పుడు తెరుస్తరు?"

బడిలో మధ్యాహ్న భోజనం వండే సాలమ్మ జవాబు చెప్పింది. "తెలంగాణ ఎప్పుడొస్తె గప్పుడు. జల్దున్నదా?"

"నాకు జల్దే ఉన్నదక్కా. బస్సులు నడిస్తె నేను భూపాలపల్లి పోత. మా ఆయన ఆడ కరెంటు ప్లాంటు కాడ మట్టిపనిల ఉన్నడు. నన్ను గూడ రమ్మంటున్నడు. పిల్లను తోల్కపోత. నేను పనిల ఉంటె తమ్మున్ని ఎత్తుకుంటది."

అరుంధతి లేచి ఆమె దగ్గరికి వెళ్లింది. "పిల్లనీడనే ఉంచు విజయా. మీ అత్త ఉన్నది గద."

"ఉంచి ఏం జెయ్యాలె? బడికి తాళమేస్తిరి. తాళం లేనప్పుడేమో మక్కలాడిపిస్తిరి. కాన్వెంటుకు పోయే పిల్లలు ఏ ఫర్ ఆపిల్ అని గడగడ చెప్తరు. దీన్నడిగితె గింజలు జరుపుతది."

"గింజలు కోడి గూడ జరుపుతది," అంది సాలమ్మ.

విజయ నవ్వలేదు. "నేను సదువుకోలే టీచరమ్మా. సదువుకుంటె మంచిదని నాకెర్కనే. గని దీన్ని వదిలిపోతె పోరన్ని పట్టుకునేటోళ్లు లేక నా కూలి సగమైతది. బస్సు కదిలేలోపు అది ఒక్క మాట సదివి చూపిస్తె ఉంచి పోత. లేకుంటె నాతోనే."

బస్సులూ సమ్మెలోనే ఉన్నాయి. బడిని మూసిన సమ్మే పిల్లను తీసుకుపోయే బస్సును ఆపింది. అది ఎంతకాలం ఆపుతుందో శిబిరంలో ఎవరికీ తెలియదు.

ఆ శిబిరంలో రోజూ వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే తినడం. రోడ్డుకు అడ్డంగా గిన్నెలు ఉంటే బండ్లు ఆగుతాయి. ఊరి ఆడవాళ్లు, తండా ఆడవాళ్లు వచ్చి కూరగాయలు కోసేవాళ్లు. తల్లుల వెంట పిల్లలూ వచ్చేవాళ్లు. అరుంధతి వాళ్ల మధ్య కూర్చుని మక్క కంకులు ఒలుస్తూ మాట విసిరేది. "కప్." పిల్లలు ఒలిచిన గింజల్లోంచి మూడు జరిపేవాళ్లు. "హెన్." మూడు. "ఎగ్." రెండు.

ఆట మొదలైన మూడో రోజు భూపాల్ వచ్చి వెనక నిలబడ్డాడు. ఆయన హైస్కూల్లో లెక్కల టీచరు, మండల సమ్మె కమిటీ కన్వీనరు. వాళ్ల తాతల నాటి నుంచి ఆ ఊళ్లో పొలాలున్నాయి, మాటకు విలువుంది.

"మేడం, ఏం నడుస్తంది?"

"ఆట సార్."

"ఇంగ్లిష్ ఇనవడ్తంది."

"ఆట గూడ బందేనా సార్?"

"మేడం, నేను నవ్వులాటకు అడుగుతలేను. అవతలి ఊళ్లె ఒకాయన ఇంట్ల ట్యూషన్ చెప్తుంటె అందరం పోయి మెడల దండేసి దండం బెట్టినం. మళ్ల చెప్పలే. మీకు గూడ దండ తేవాల్నా?"

పొయ్యి దగ్గర నుంచి సాలమ్మ గరిటెతో లేచి వచ్చింది. "సారూ, నేనడుగుత, మీరు చెప్పుండ్రి. బుక్కున్నదా?"

"లేదు."

"బోర్డున్నదా?"

"లేదు."

"హాజరేసిండ్రా?"

"లేదు."

"ఇగ బడిల లెక్క ఉన్నది అన్నమొక్కటే. గది గూడ నేనే వండిన. మరి దండ నాకెయ్యుండ్రి."

టెంటు కింద నవ్వులు లేచాయి. భూపాల్ కూడా నవ్వాడు. నవ్వాక వేలు చూపించి చెప్పాడు. "సరే. నోటితోని ఎంతసేపైనా ఆడుకోండ్రి. రాత మొదలైతె మాత్రం ఊకోను. రాస్తె బడే."

ఆ సాయంత్రం ఆయన మైకులో మాట్లాడాడు. సినిమాల్లో మన భాషను ఎవరి నోట్లో పెట్టారో గుర్తు తెచ్చుకోమన్నాడు. గూండా నోట్లో పెట్టారు, నవ్వించేవాడి నోట్లో పెట్టారు అన్నాడు. చప్పట్లు కొట్టారు. దిగి వస్తుంటే సౌందర్య ఆయనకు నీళ్ల గ్లాసు ఇచ్చి లంబాడీ కలిపిన తెలుగులో ఏదో అడిగింది.

"జర తెలుగు సక్కగ మాట్లాడు బిడ్డా, సమజైతలేదు," అన్నాడు భూపాల్.

"గదే సార్," అంది సాలమ్మ. "గిప్పుడే గద మైకుల చెప్తిరి."

భూపాల్ గ్లాసు దించాడు. "మళ్లొకపారి చెప్పు బిడ్డా," అని వంగాడు. సౌందర్య అడిగింది ఇంకో గ్లాసు కావాలా అని.

ఊళ్లో మానుకోట అని పిలిచే మహబూబాబాద్ డిపో బస్సులు రేపో మాపో కదులుతాయని ఒక పుకారు వచ్చింది. తర్వాత అది అబద్ధమని తేలింది. కానీ ఆ పుకారు విన్న రోజు అరుంధతి తొందరపడింది. సౌందర్యను టెంటు వెనక్కి తీసుకెళ్లి, పొయ్యిలోని బూడిద నేల మీద పరిచి, వేలితో మూడు అక్షరాలు రాసింది. 'సన్' అనే మాటకు కావలసిన మూడు. విజయను కూడా పిలిచి పక్కన నిలబెట్టింది.

"సదువు."

"ఎస్, యూ, ఎన్," అంది సౌందర్య. పాటలో వాటి పేర్లు అవే.

"పేర్లు గాదు బిడ్డా, చప్పుడు. సు... అ... ను. ఇప్పుడు కలుపు."

"సువను."

"కాదు. మళ్ల ఇను. సు. అ. ను."

సౌందర్య తల్లి వైపు చూసింది, టీచరు వైపు చూసింది. "సు," అంది. తర్వాత ఏమీ అనలేదు. మూడుసార్లు అడిగినా అనలేదు. పెదవులు బిగించి నేల చూసింది. ఒకటో తరగతిలో ఏడాదంతా అలాగే చూసింది.

"పోనియ్యి టీచరమ్మా," అంది విజయ. "దాన్ని పరేషాన్ చెయ్యకు." పిల్లవాణ్ణి సర్దుకుని కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

భూపాల్ వచ్చి బూడిదను చూశాడు. అరుంధతి మొహం చూశాడు. దండ మాట ఎత్తలేదు. చెప్పుతో అక్షరాలు చెరిపి వెళ్లాడు.

తర్వాత మూడు రోజులు సౌందర్య శిబిరానికి వచ్చింది కానీ గింజల దగ్గరికి రాలేదు. నాయినమ్మ కమ్లీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచింది. అరుంధతి పిలవలేదు. తాను ఏం చేసిందో ఆమెకు తెలుసు. నాలుగో గింజ పెట్టింది ఈసారీ తానే. 'సు' అంది, 'ను' అంది. విడగొట్టిన ముక్కలకు అచ్చులు అతికించి, వాటిని కలపమంది.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం వార్చే వేళకు మహబూబాబాద్ వైపు నుంచి ఒక ముసలామె నడుచుకుంటూ వచ్చింది. కమ్లీ చేతిలోని చిక్కుడుకాయలు కింద పడేసి లేచింది. ఇద్దరూ రోడ్డు మధ్యలో ఒకరి మెడ మీద ఒకరు తల వాల్చారు. రాగం తీసి ఏడవడం మొదలుపెట్టారు.

భూపాల్ మైకు పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చాడు.

"ఎవలు పోయిండ్రు? ఏమైంది?"

"ఎవలు పోలే సార్," అంది విజయ. "కలిసిండ్రు. మా అత్త చెల్లె, కట్టమ్మ. బస్సుల్లేక నడిచొచ్చింది."

"కలిస్తె ఏడుస్తరా?"

"కలిసినా ఏడుస్తం, ఇడిచి పోయినా ఏడుస్తం. ఊకె చూస్తె మొహం తప్పించినట్టుంటది గద."

"నా ఆడిబిడ్డ వస్తె నాకు గూడ ఏడుపొస్తది," అంది సాలమ్మ. "గని రాగం రాదు."

అది తండాల్లో ఉన్న పద్ధతి. చాలాకాలానికి కలిసిన ఆడవాళ్లు, ఊరు విడిచి పోయే ఆడవాళ్లు మెడ పట్టుకుని, చెప్పుకోవలసింది ఏడుపు రాగంలో చెప్పుకుంటారు. ఒక్కో మాట ఊపిరి అయిపోయేదాకా సాగుతుంది. అరుంధతి ఇదివరకు దూరం నుంచి విన్నది. ఈసారి పక్కనే ఉంది. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియలేదు.

అరుంధతి వెళ్లి సౌందర్య పక్కన కూర్చుని అడిగింది. "నాయినమ్మ ఏమంటున్నది బిడ్డా?"

నాలుగు రోజులకు సౌందర్య జవాబు చెప్పింది. "'చెల్లె, నా కోసం గింత దూరం నడిచినవా, కాళ్లకు ముల్లు గుచ్చిందా' అంటున్నది."

"గంత సాగదీస్తె నీకు మాటలెట్ల తెలుస్తున్నయి?"

సౌందర్యకు ఆ ప్రశ్న విచిత్రంగా తోచింది. "సాగదీస్తది టీచర్. తెంపదు గద."

ఏడుపు పూర్తయింది. అక్కాచెల్లెళ్లు కళ్లు తుడుచుకుని, ఏమీ జరగనట్టు పచ్చిమిరపకాయల ధర గురించి మాట్లాడుకోసాగారు. అప్పుడు అరుంధతి గొంతు తగ్గించి, రాగంలా కాకపోయినా, ఊపిరి తెగకుండా అంది.

"స్‌స్‌స్‌స్అఅఅన్‌న్‌న్‌న్."

"సన్," అంది సౌందర్య.

"మ్‌మ్‌మ్ఎఎఎన్‌న్‌న్."

"మెన్. టీచర్, నువ్వు మంచిగ ఏడుస్తలేవు."

"నేర్పిస్తవా?"

సౌందర్య నవ్వింది. ఆ నవ్వుకు సాహితి కూడా వచ్చి కూర్చుంది. ఆ రోజు పిల్లలంతా మాటలను సాగదీసి ఏడ్చారు. ఎవరు ఏ మాట ఏడుస్తున్నారో మిగతావాళ్లు చెప్పాలి. సాహితి 'పిన్' ఏడ్వడానికి ప్రయత్నించింది. మొదటి చప్పుడు సాగదు కనుక దాన్ని వదిలి రెండోదాన్ని పట్టుకోవాలని సౌందర్య చూపించింది. సాహితి చివరి 'న్' మీద ఊపిరి ఆపి, ఆపి, దగ్గింది. 'ఉ' రాలేదు. భోజనాలు చేస్తున్నవాళ్లలో ఒకాయన "సమ్మె శిబిరమా, సావిల్లా?" అని అడిగాడు.

ఇక అక్షరాలు. రాయకూడదని నియమం. అరుంధతి రాయలేదు. శిబిరంలో రాసి ఉన్నవే చాలా ఉన్నాయి. బియ్యం బస్తా మీద, నూనె డబ్బా మీద, రోడ్డుకు అడ్డంగా ఆగిన లారీ వెనక. ఆమె వేలు పెట్టి చూపించేది. "ఇది పాటల ఎస్. దీని నోరు స్‌స్‌స్." పిల్లలు టీ కప్పుల మీద, సబ్బు కాగితం మీద అదే అక్షరం వెతికి తెచ్చేవాళ్లు. భూపాల్ అటూ ఇటూ తిరుగుతూ చూసేవాడు. ఒకసారి ఒక ఖాళీ బస్తా తెచ్చి పిల్లల మధ్య పడేసి, "గిది గూడ ఆడుకోండ్రి," అని వెళ్లిపోయాడు.

విజయ ఆ రోజుల్లో శిబిరానికి రాలేదు. పత్తి ఏరడానికి పోయింది. అరుంధతి కబురు పెట్టలేదు. ఒకసారి తొందరపడింది, చాలు అనుకుంది.

దసరా తర్వాత ఒక సాయంత్రం బస్సులు తెల్లారి నుంచి నడుస్తాయని కబురొచ్చింది. ఈసారి పుకారు కాదు.

"తెలంగాణ రాకముందే బస్సొచ్చె," అంది సాలమ్మ గిన్నెలు తోముతూ.

పొద్దున చౌరస్తాకు విజయ వచ్చింది. చంకలో కొడుకు. నెత్తిన సిమెంటు సంచి, అందులో బట్టలు, గిన్నెలు. వెనక కమ్లీ, సౌందర్య. సౌందర్య కాళ్లకు చెప్పులున్నాయి, చేతిలో తన బట్టల మూట ఉంది. విజయ సంచి దించింది.

"టీచరమ్మా, మాటంటె మాట. మానుకోట బస్సొస్తది. అది సదువుతదా, ఎక్కుతదా?"

అరుంధతి చుట్టూ చూసింది. ఆమె దగ్గర పుస్తకం లేదు. శిబిరంలోని బస్తాలన్నీ పిల్లలకు తెలిసినవే. తెలిసినదాన్ని చూపిస్తే అది చదవడం కాదు, గుర్తుపెట్టుకోవడం. విజయ సిమెంటు సంచి మీద ఆమె చూపు ఆగింది. కింద అంచున నీలం అక్షరాలున్నాయి. బరువు రాసిన వరుస.

"మీ సంచేనా ఇది? పిల్లకు దీన్ని ఎప్పుడన్న చూపించినవా?"

"నేనెందుకు చూపిస్త? నిన్న దులిపి తెచ్చిన. మా ఇంట్ల సదివేటోళ్లెవరు?"

అరుంధతి ఆ వరుసలోని మొదటి మాట కింద వేలు పెట్టింది. మూడు అక్షరాలు. "బిడ్డా, ఈ మాట నేను నేర్పలే. తప్పొస్తె ఏం గాదు."

సౌందర్య మూట కింద పెట్టింది. సంచి ముందు కూర్చుంది. పెదవులు కదిలాయి, చప్పుడు లేదు. రోడ్డు మలుపులో బస్సు హారను వినిపించింది. కమ్లీ లంబాడీలో ఏదో అంది. విజయ ఆమెను ఆపింది.

"న్‌న్‌న్‌న్," అంది సౌందర్య. వేలు జరిగింది. "న్‌న్‌న్ఎఎఎ." వేలు మళ్లీ జరిగింది. ఆగింది. మళ్లీ మొదటి నుంచి పట్టుకుంది. "న్‌న్ఎఎట్. నెట్."

విజయ అరుంధతిని చూసింది. "అయిందా? గదేనా?"

"గదే."

"గింతేనా?"

"ఇయ్యాల్టికి గింతే."

"పక్కదో?"

పక్కన 'వెయిట్' ఉంది. సౌందర్య వంగి చూసింది. "వ్... ఎ..." అని ఆగి, తల్లి వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. "ఇది రాదు యాడీ."

"అది నాకు గూడ ఎందుకట్ల రాస్తరో తెల్వదు," అంది అరుంధతి. "నోటితోని చెప్పేదొకటి, రాసేదొకటి. అటువంటియి తర్వాత."

"రానిది రాదన్నది," అంది విజయ. సంచి మీది అక్షరాలను తడిమి చూసింది. అవి చేతికి ఏమీ చెప్పలేదు. "నువ్వు నేర్పంది అది సదివింది. అంతే గద?"

"అంతే."

బస్సు వచ్చి ఆగింది. చాలా రోజులకు వచ్చిన బస్సు. డ్రైవరు తలుపు తీసి దిగకుండానే శిబిరంలోని వాళ్లతో మాట్లాడుతున్నాడు. ఎక్కేవాళ్లు తోసుకుంటున్నారు. విజయ ఫోన్‌లో భర్తకు ఏదో చెప్పి, అవతల నుంచి అరుపులు వినిపిస్తుంటే పెట్టేసింది.

"బడి తాళం ఎప్పుడు తీస్తరు?" అని అడిగింది.

అరుంధతి భూపాల్ వైపు చూసింది. ఆయన టెంటు గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నిర్ణయం రాత్రే అయిపోయింది. దాన్ని బయటికి చెప్పడం ఆయనకు కష్టంగా ఉంది.

"సోమవారం," అన్నాడు.

విజయ పిల్లవాణ్ణి కాసేపు పట్టుకొమ్మని కమ్లీ చేతికిచ్చింది. సౌందర్య తన మూట తీసుకుని బస్సు వైపు ఒక అడుగు వేసింది. విజయ మూట లాక్కుని కింద పెట్టింది. కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుని, మెడ చుట్టూ చేతులు వేసి, తల వాల్చి రాగం తీసింది.

వెంట వచ్చేవాళ్ల మెడ పట్టుకుని ఎవరూ ఏడవరు. సౌందర్యకు ఆ సంగతి తెలుసు. ఆమె చేతులు తల్లి వీపు మీదికి వెళ్లాయి. కండక్టరు విజిల్ ఊదబోయి ఆగాడు.

ఈసారి ఏమంటున్నదని అరుంధతి అడగలేదు. సౌందర్య కళ్లు మూసుకుని, ఊపిరి తీయకుండా, చివరిదాకా వింది.